ప్రీ-ఫైనల్ లెక్కల పేపర్: తప్పు జవాబులోనే ఆచూకీ

పదో తరగతి ప్రీ-ఫైనల్ పేపర్లు చేతికి రాగానే చాలామంది చేసే పని ఒక్కటే. సరైన జవాబును ఎర్ర పెన్నుతో పక్కన ఎక్కించి, ‘సిల్లీ మిస్టేక్’ అనుకుని మడిచేస్తారు. అది కారణం కాదు, సాకు. ముందు మీ జవాబును సరైన జవాబుతో పోల్చి చూడండి.

సరిగ్గా నాలుగు రెట్లు వచ్చిందా?
వ్యాసాన్ని వ్యాసార్ధం అనుకున్నారు. స్తూపాకారపు పలాస జీడిపప్పు డబ్బా వ్యాసం 14 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ. అనుకోండి. ఘనపరిమాణం 3080 ఘ.సెం.మీ. మీకు 12320 వచ్చిందంటే 7 బదులు 14ను వర్గం చేశారన్నమాట. గోళమైతే ఇదే తప్పుకు ఎనిమిది రెట్లు వస్తుంది, స్తూపం వక్రతల వైశాల్యమైతే రెండు రెట్లు. సూత్రం జోలికి పోకముందే ‘వ్యాసార్ధం = 7’ అని విడిగా ఒక వరుస రాయండి.

మూడో వంతే వచ్చిందా?
కోణం తప్పు చోట పెట్టారు. కళింగపట్నం లైట్‌హౌస్ మీంచి పడవ 30° నిమ్నకోణంలో కనబడిందనుకుందాం. ఎత్తు 21 మీటర్లు పెట్టుకుంటే పడవ దూరం 21√3. మీకు 7√3 వస్తే, కోణాన్ని లైట్‌హౌస్ గోడకూ చూపు రేఖకూ మధ్య గుర్తించారు. నిమ్నకోణాన్ని క్షితిజ రేఖ నుంచి కిందికి కొలవాలి. పైన అడ్డంగా చుక్కల గీత గీయండి, దాని కింద 30° పెట్టండి. ఏకాంతర కోణం కాబట్టి పడవ దగ్గరా అదే 30° వస్తుంది. బొమ్మ గీయకుండా ఈ లెక్కలోకి దిగితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

మధ్యగతం ఒక తరగతి పొడవు తగ్గిందా?
సంచిత పౌనఃపున్యం మధ్యగత తరగతిదే వేశారు. దాని పై వరుసది వెయ్యాలి. జవాబు ఆ తరగతి దిగువ హద్దు కన్నా తక్కువొస్తే ఎవర్నీ అడగక్కర్లేదు, తప్పే. అంకశ్రేఢిలో n-వ పదం పదాంతరమంత ఎక్కువొస్తే, పదాల సంఖ్యలోంచి ఒకటి తీసెయ్యడం మరిచారు.

ఏ రెట్టుకూ లొంగడం లేదా?
గుర్తు తప్పి ఉంటుంది. వర్గ సమీకరణం గుణకాలు 2, −5, −3 అయితే విచక్షణి 25 − 4×2×(−3) = 49, మూలాలు 3, −1/2. మైనస్‌కు బ్రాకెట్ పెట్టకపోతే 25 − 24 = 1 అయి, మూలాలు 3/2, 1 వస్తాయి. 1 నిజంగా మూలమైతే గుణకాల మొత్తం సున్నా కావాలి. ఇక్కడ −6.

తప్పుల నోటులో ‘డబ్బా: వ్యాసం సగం చెయ్యలేదు’ అన్నంత పొట్టిగా రాసుకోండి. మూడో రోజు అంకెలు మార్చి, గైడు మూసి, అదే లెక్క మళ్లీ చెయ్యండి. మళ్లీ అదే రెట్టు తప్పొస్తే ఆ వరుస కింద గీత గీసి, ఇంకో మూడు రోజులకు ఇంకో లెక్క పెట్టుకోండి.