ఫోన్‌తో షూట్ చేస్తే వచ్చే తంటాలు: ఎందుకొస్తాయి, ఎలా సరిచేయాలి

వీడియోలో నల్ల చారలు పాకుతున్నాయి

ఓ చీరల షాపు యాడ్ కోసం పట్టుచీర పరిచి, జరీ అంచు మీదుగా ఫోన్‌ని మెల్లగా జరుపుతూ తీశాను. ఫోన్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. రాత్రి ల్యాప్‌టాప్‌లో చూస్తే జరీ మీద సన్నటి నల్ల చారలు పైకి పాకుతున్నాయి. మర్నాడు వెళ్లి మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది.

కారణం: మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి ఇది తెలియదు. ఫోన్ సెన్సర్ మాత్రం బొమ్మను పైనుంచి కిందికి వరుసలవారీగా చదువుతుంది. షటర్ (ఒక్కో ఫ్రేముకు సెన్సర్ వెలుగు తీసుకునే సమయం) ఆటోలో ఉండి 1/60 సెకను లాంటి అంకె పడితే, కొన్ని వరుసలకు వెలుగు ఎక్కువ, కొన్నింటికి తక్కువ అందుతుంది. అవే చారలు.

పరిష్కారం: సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50. లేదా 1/100. ఫోన్ యాప్‌లో షటర్ మార్చే వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి, ఉచితమే. ఐఫోన్‌లో 25 ఫ్రేములు కనిపించకపోతే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియోలోకి వెళ్లి 'షో పాల్ ఫార్మాట్స్' ఆన్ చేయాలి. అమెరికాలో ఉండి గృహప్రవేశాలు తీసేవాళ్లకు లెక్క వేరు: అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, షటర్ 1/60 పెట్టాలి. ఇంత చేసినా చారలు పోకపోతే ఆ లైటుకు డిమ్మర్ (వెలుగు తగ్గించే మీట) ఉందేమో చూడండి. ఉంటే ఫుల్ పెట్టండి, లేదంటే ఆ లైటు ఆపేయండి. ఎడిటింగ్‌లో తీసేద్దాంలే అనుకోవద్దు. అది చాలా కష్టం, ఫలితమూ అంతంతే.

ఇంటర్వ్యూ సగానికొచ్చేసరికి మాట, పెదవులు కలవట్లేదు

ఆడియోను విడిగా రికార్డర్‌లో తీసి, మొదట్లో చప్పట్లు కొట్టి వీడియోతో సింక్ చేశారు, అయినా పావుగంటకు ఆడియో జారింది. తప్పు మీది కాదు. చాలా ఫోన్లు వెలుగును బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేటును (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను) కొద్దికొద్దిగా మార్చుకుంటాయి. రికార్డర్‌లో తీసిన ఆడియో మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని ఉంటుంది. వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని మార్చాక, ఆ ఫైల్‌నే ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వేయండి.

ఎండలో తీసిన నడక గతుకులు గతుకులుగా ఉంది

చాలా ఫోన్లలో అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మారదు. ఎండ ఎక్కువైతే ఫోన్ చేయగలిగేది షటర్ వేగం పెంచడమే. అప్పుడు కదలికలో సహజంగా ఉండే మసక పోయి చేతులు, కాళ్లు విడివిడి ఫొటోల్లా కనిపిస్తాయి. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించే నల్లటి అద్దం. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీవ్రత) కనిష్ఠానికి దించాక కూడా షటర్ 1/1600 చూపిస్తే, ఎన్‌డీ32 పెడితే సరిగ్గా 1/50కి వస్తుంది. లెన్స్‌కు క్లిప్పుతో పట్టే ఫిల్టర్లు దొరుకుతాయి.

పెళ్లి మధ్యలో రికార్డింగ్ ఆగిపోయింది

వేడి. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది, మన మే నెల సంగతి తెలిసిందే. కవర్ తీసేయండి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి (కాల్స్ గొడవా ఉండదు), బ్రైట్‌నెస్ తగ్గించండి, 4కేలో 60 ఫ్రేములు మానేయండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య నీడలో ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

ట్రైపాడ్ మీద ఉన్నా బొమ్మ వణుకుతోంది

ముందు స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సెట్టింగ్) ఆపి చూడండి. అప్పటికీ వణికితే, ఫోకస్ కూడా నిలవకపోతే, ఫోన్‌ని ఎప్పుడైనా బైక్ హ్యాండిల్‌కు బిగించారేమో గుర్తు తెచ్చుకోండి. లెన్స్‌ను స్థిరంగా పట్టే భాగం చాలా సున్నితం. బైక్ ఇంజిన్ అదురు దాన్ని పాడుచేయొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. అది పాడైతే సెట్టింగ్స్‌తో బాగుపడదు, కెమెరా మాడ్యూల్ మార్పించాల్సిందే. ఇకపై బైక్ షాట్‌లకు వెనక కూర్చున్నవాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి.