జర్మనీలో చర్చికి అలవాటు పడటం ఎలా?

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికో పైచదువుకో జర్మనీ వెళ్లేవారిలో చాలామంది ఒకటే అనుకుంటారు: భాష వచ్చాక చర్చికి వెళ్దాం, అంతవరకు మన సంఘం ఆరాధన ఫోనులో చూసుకుందాం. వేళ కూడా కలిసొస్తుంది. చిత్తూరులో ఉదయం తొమ్మిదికి ఆరాధన మొదలైతే అక్కడ వేసవిలో ఐదున్నర, చలికాలంలో నాలుగున్నర. చూడండి, తప్పేమీ లేదు. కానీ అది ముగిశాక మళ్లీ ముసుగు తన్నకుండా, పదింటికల్లా దగ్గర్లోని చర్చిలో ఉండండి. ప్రసంగం అర్థం కావడం అన్నిటికన్నా ఆఖరున జరిగే పని. దానికోసం ఆగితే ఏళ్లు గడిచిపోతాయి.

ముందు ఏ చర్చో తేల్చుకోండి. లూథరన్ కుటుంబాలవారికి అది మరీ పరాయి చోటు కాదు. తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి విత్తనం వేసింది 1860లలో ఇటు వచ్చిన జర్మనీ హెర్మన్స్‌బుర్గ్ మిషనరీలే. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారికి కూడా అక్కడ ఒక్కో ప్రాంతానికి ఒకటిగా ఉండే ప్రొటెస్టంటు ప్రాంతీయ చర్చే దగ్గరగా ఉంటుంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలను అక్కడ స్వతంత్ర సంఘాలంటారు. వాటిలో కలివిడితనం ఎక్కువ, పలకరింపులూ ఎక్కువే.

మతం గడి నింపే ముందు ఆలోచించండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అక్కడ మతం కూడా అడుగుతారు. ప్రొటెస్టంటు అనో కేథలిక్ అనో రాస్తే జీతంలోంచి చర్చి పన్ను కోత మొదలవుతుంది. ఇది జీతం మీద లెక్కగట్టేది కాదు, ఆదాయపు పన్ను మీద: బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. నెలకు 300 యూరోల ఆదాయపు పన్ను పడేవారికి చర్చి పన్ను 24 లేదా 27 యూరోలు. ఆదాయపు పన్ను పడని విద్యార్థికి ఇదీ ఉండదు. స్వతంత్ర సంఘాలు మాత్రం ఎక్కువగా కానుకల మీదే నడుస్తాయి. తర్వాత వద్దనుకుంటే సభ్యత్వం వదులుకుంటున్నట్టు అధికారుల ముందు ప్రకటించాలి. దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, కవరులో పెట్టి ఇచ్చే మనకు జీతంలో కోత వింతగానే ఉంటుంది. లెక్క వేస్తే మాత్రం దశమభాగం కన్నా ఇది చాలా తక్కువ. మంచో చెడో, తెలిసి రాయండి.

మొదటి ఆదివారం. చెప్పులు బయట విడవకండి. చలికాలంలో కోటు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. తలుపు దగ్గర అరలో పాటల పుస్తకాలు ఉంటాయి, ఒకటి తీసుకోండి. గోడకున్న చెక్క పలక మీద ఆ రోజు పాటల సంఖ్యలు, పాడాల్సిన చరణాలు కనిపిస్తాయి. ఆ పుస్తకంలో 535వ పాట వరకు దేశమంతా ఒకటే, ఆపైనవి ప్రాంతాన్నిబట్టి మారతాయి. పక్కవారు లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. గొంతెత్తి ఎవరికి వారు ప్రార్థించడం ప్రాంతీయ చర్చిల్లో ఉండదు. బెంచీల్లో ఎక్కువగా పెద్దవాళ్లే ఉంటారు, గంటలో అయిపోతుంది, మొదటి రోజు ఎవరూ పలకరించకపోవచ్చు. అది మొహమాటమే కానీ అయిష్టం కాదు.

కంఠస్థం చేయాల్సింది కొంచెమే. ప్రతివారం మారనివి ముందు పట్టండి: పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం. పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు చాలా చర్చిల్లో పైన గంట మోగుతుంది. ఆ గంట వినగానే ‘ఫాటర్ ఉన్‌జర్ ఇమ్ హిమ్మెల్’ (పరలోకమందున్న మా తండ్రీ) అని అందుకోగలిగితే ఆరాధనలో మీ గొంతూ కలిసినట్టే.

ప్రసంగానికీ ఒక దారి ఉంది. ప్రొటెస్టంటు చర్చిల్లో ఆదివారం ప్రసంగ పాఠాలు ఆరేళ్ల వరుసలో ముందే నిర్ణయమై ఉంటాయి. శనివారమే ఆ పాఠం ఏదో తెలుసుకుని తెలుగులో చదువుకుని వెళ్తే సగం దారి నడిచినట్టే. కీర్తనల దగ్గర మాత్రం జాగ్రత్త. శుద్ధ హృదయం కావాలని దావీదు వేడుకున్న మాట 51వ కీర్తనలో మనకు 10వ వచనం, లూథర్ జర్మన్ అనువాదమైన లూథర్ బైబిల్లో 12వది. పైనున్న శీర్షికను కూడా వాళ్లు వచనాలుగా లెక్కేస్తారు. మలాకీ గ్రంథానికి మనకు నాలుగు అధ్యాయాలైతే అక్కడ మూడే.

కాఫీకి ఆగండి. ఆరాధన తర్వాత కాఫీ ఉంటే తప్పించుకుని వెళ్లిపోకండి. నేను కొత్తగా వచ్చాను, భారతదేశం నుంచి, భాష నేర్చుకుంటున్నాను అనే మూడు వాక్యాలు జర్మన్‌లో నోటికి వచ్చేలా పెట్టుకోండి. అవి అయిపోగానే కప్పులు కడిగేచోట నిలబడండి. తడి కప్పు తుడిచి అందుకునే పనికి వ్యాకరణం అక్కర్లేదు, పక్కన తుడిచే పెద్దావిడ నెమ్మదిగా మాట్లాడుతుంది కూడా. గొంతు బాగుంటే పాటల బృందంలో చేరండి. ఒకే పదాన్ని వారం వారం పదిమందితో కలిసి పలికితే ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది. ఈ రెండింటికీ సాటివచ్చే భాషా తరగతి లేదని నా అభిప్రాయం.

ఎవరినైనా ముందు మీరు అనే మొదలుపెట్టండి. నువ్వు అనమని వాళ్లే చెబుతారు. స్వతంత్ర సంఘాల్లో మొదటిరోజే చెప్పేస్తారు. పాస్టరు అయ్యగారి భార్యను అమ్మగారు అని పిలవడం మనకు అలవాటు. అక్కడ అమ్మగారే పాస్టరై ప్రసంగిస్తూ కనిపించవచ్చు, ఆమె భర్త చర్చికి రాకనే పోవచ్చు.

పండుగల తేడా. కోతల పండుగ అక్టోబరు మొదటి ఆదివారం వస్తుంది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, ఆపిల్ పండ్లు పేరుస్తారు కానీ మన దగ్గరలా కోడిపుంజుకీ అరటిగెలకీ సాగే వేలంపాట ఉంటుందని ఎదురుచూడకండి. క్రిస్మస్‌కు అసలు ఆరాధన డిసెంబరు 24 సాయంత్రమే. ఏడాదంతా రానివాళ్లూ ఆరోజు వస్తారు కాబట్టి అరగంట ముందే వెళ్తే గానీ చోటు దొరకదు. 25 ఉదయం బెంచీలు చాలావరకు ఖాళీ. ఆస్పత్రిలో ఒక్కపూటే సెలవు దొరికేటట్టుంటే 24 సాయంత్రానికే అడగండి.