త్రీడీ వెక్టర్ల అర్రే మెమరీ మింగేస్తోందా? ముందు స్ట్రైడ్ లెక్క చూడండి

కోడ్ ముట్టుకునే ముందు ఒక్క గుణకారం చేయండి. త్రీడీ వెక్టర్ అంటే ఎక్స్, వై, జెడ్, మూడు ఫ్లోట్‌లు. ఒక్కోటి 4 బైట్లు కాబట్టి మొత్తం 12. అర్రేలో ఒక వెక్టర్ మొదలు నుంచి తర్వాతి వెక్టర్ మొదలుకి ఎన్ని బైట్లో అదే స్ట్రైడ్. గేమ్‌లో పది లక్షల పాయింట్లుంటే 1.2 కోట్ల బైట్లు, అంటే దాదాపు 11.4 ఎంబీ. ఇప్పుడు ప్రొఫైలర్ (మెమరీ వాడకాన్ని కొలిచే టూల్) చూపిస్తున్న అంకెను దీనితో భాగించండి. మూడు రెట్లకు పైన వచ్చిందా, సరిగ్గా 1.33 వచ్చిందా, లేక ఒక్కోసారి ఒక్కోలా వస్తోందా అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఈ లెక్క వేయకుండా నేరుగా కంప్రెషన్ మొదలుపెడితే రోజులు వృథా అవుతాయి, అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

మూడు రెట్లకు పైన వస్తోంది, గార్బేజ్ కలెక్టర్ నడిచినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి కదులుతోంది

వెక్టర్‌ని క్లాస్‌గా రాసి ఉంటారు. 64 బిట్ సీషార్ప్‌లో ప్రతి ఆబ్జెక్ట్‌కీ 16 బైట్ల అదనపు సామాను ఉంటుంది. దానికి మన 12 కలిపితే 28, దాన్ని 8 గుణిజానికి సర్దితే 32. అర్రేలో ఉండేది మళ్లీ ఆ ఆబ్జెక్ట్ చిరునామా, దానికి ఇంకో 8. అంటే 12 బైట్ల సమాచారానికి 40 బైట్లు కడుతున్నాం. అంతకంటే పెద్ద బాధ ఏంటంటే ఆ పది లక్షల ఆబ్జెక్ట్‌లు మెమరీలో ఎక్కడెక్కడో పడి ఉండొచ్చు, వాడని మెమరీని ఏరేసే కలెక్టర్ వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి.

సీషార్ప్ అయితే స్ట్రక్ట్ చేయండి, అర్రే మొత్తం ఒకే ముద్దగా ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: లిస్ట్‌లోంచి తీసిన స్ట్రక్ట్ కాపీ మాత్రమే, దాని ఎక్స్‌ని అక్కడికక్కడే మార్చబోతే కంపైలర్ ఒప్పుకోదు, బయటికి తీసి, మార్చి, తిరిగి పెట్టాలి. మామూలు అర్రేకి ఈ ఇబ్బంది లేదు. జావాలో అయితే ఒకే పొడవాటి ఫ్లోట్ అర్రే పెట్టుకుని, ఐ నంబరు వెక్టర్ కావాలంటే 3ఐ నుంచి మూడు అంకెలు చదవండి. జావాస్క్రిప్ట్‌లో ఫ్లోట్32అర్రేతో ఇదే పని. పైథాన్‌లో నంపై వాడుతూ కూడా రెండు రెట్లు వస్తోందంటే టైప్ చెప్పడం మర్చిపోయినట్టే. చెప్పకపోతే అది ఫ్లోట్64 తీసుకుంటుంది, వెక్టర్ 24 బైట్లు అవుతుంది.

సరిగ్గా 1.33 వస్తోంది

వెక్టర్ 16 బైట్లకు అలైన్ అయి ఉంది, అంటే 16 గుణిజమైన చిరునామాలోనే మొదలవుతుంది. సిమ్డ్ (ఒకే ఆదేశంతో చాలా అంకెల మీద ఒకేసారి లెక్క చేసే పద్ధతి) రిజిస్టర్‌లో నాలుగు ఫ్లోట్‌లు పడతాయి కాబట్టి చాలా మ్యాథ్ లైబ్రరీలు నాలుగో గదిని ఖాళీగా వదిలేస్తాయి. నా ఉద్దేశంలో ప్రతిసారీ దీన్ని తప్పు అనుకోనక్కర్లేదు. ప్రతి ఫ్రేమ్‌లో లెక్కలు నడిచే అర్రే అయితే అలాగే ఉంచి, నాలుగో గదిలో పనికొచ్చేది ఏదైనా పెట్టండి, రేడియస్ గానీ మాస్ గానీ. ఊరికే నిల్వ ఉండే డేటా అయితే 12లోనే పెట్టి, లెక్క చేసేటప్పుడు మాత్రం 16లోకి ఎక్కించుకోండి. అలా ఎక్కించేటప్పుడు చిట్టచివరి వెక్టర్ దగ్గర 16 బైట్లు చదివితే అర్రే దాటి 4 బైట్లు అవతలికి పోతాం. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే క్రాష్‌లకు ఇది ఒక కారణం. చివర ఒక ఫ్లోట్ అదనంగా పెడితే సరిపోతుంది.

మెమరీ లెక్క సరిగ్గానే ఉంది, స్క్రీన్ మీద మాత్రం పాయింట్లన్నీ చెల్లాచెదురు

దీన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే నేను దీని మీద రెండు రోజులు పోగొట్టుకున్నాను. సీపీయూ వైపు మన అర్రేలో 1, 2, 3, 4, 5, 6, 7, 8, 9 అని వరసగా ఉన్నాయనుకోండి, అంటే మూడు వెక్టర్లు. షేడర్‌లో (జీపీయూ మీద నడిచే కోడ్) మాత్రం మొదటిది (1, 2, 3) అని సరిగ్గా వచ్చింది, రెండోది (5, 6, 7), మూడోది 9తో మొదలైంది. ప్రతి నాలుగో అంకె మాయమైపోతోంది. మొదటి పాయింట్ సరైన చోటే కనిపిస్తుంది కాబట్టి అనుమానమంతా కెమెరా మీదకో మ్యాట్రిక్స్ మీదకో పోతుంది.

కారణం జీఎల్ఎస్ఎల్ (ఓపెన్‌జీఎల్ షేడర్ భాష) నియమం: వెక్3 అలైన్‌మెంట్ 16 బైట్లు, అందుకని వెక్3 అర్రే స్ట్రైడ్ కూడా 16. ఎస్టీడీ140, ఎస్టీడీ430 అనేవి బఫర్‌లో డేటా సర్దే రెండు పద్ధతులు; మొదటిదాని నుంచి రెండోదానికి మారితే ఇది పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. ఎస్టీడీ430 బిగించేది ఫ్లోట్ అర్రేల్ని, వెక్3ని కాదు. కాబట్టి స్టోరేజ్ బఫర్‌ని ఎస్టీడీ430లో ఫ్లోట్ అర్రేగా ప్రకటించి 3ఐ, 3ఐ+1, 3ఐ+2 చదవండి, లేదా రెండు వైపులా వెక్4 చేసేయండి. హెచ్ఎల్ఎస్ఎల్ (డైరెక్ట్ఎక్స్ షేడర్ భాష) స్ట్రక్చర్డ్ బఫర్‌లో ఫ్లోట్3 స్ట్రైడ్ 12 కాబట్టి ఒక చోట నడిచిన షేడర్‌ని ఇంకో చోటికి మార్చినప్పుడే ఇది ఎక్కువగా బయటపడుతుంది.

అంకె ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

అర్రే పెరుగుతూ పోతోంది. చోటు చాలనప్పుడు సీప్లస్‌ప్లస్ వెక్టర్ (ఇది త్రీడీ వెక్టర్ కాదు, పెరిగే అర్రే) 1.5 లేదా 2 రెట్ల కొత్త చోటు తీసుకుని అన్నీ అక్కడికి మారుస్తుంది, మార్చేంతసేపూ పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉంటాయి. ఎన్ని పాయింట్లో ముందే తెలిస్తే రిజర్వ్ చేయండి, తెలియకపోతే కనీసం ఒక అంచనా ఇవ్వండి.

మెష్ వర్టిసెస్ మీద లూప్ పెట్టగానే గేమ్ బిగుసుకుపోతోంది

యూనిటీ గేమ్ ఇంజిన్‌లో మెష్ వర్టిసెస్ (మెష్ మూల బిందువులు) ప్రాపర్టీ అడిగిన ప్రతిసారీ మొత్తం అర్రే కాపీ ఇస్తుంది. 10,000 వర్టెక్స్‌ల మెష్ అంటే కాపీకి 120 కేబీ, లూప్ లోపల ఒక్కో వర్టెక్స్‌కి ఒక్కసారి అడిగినా 1.2 జీబీ చెత్త. లూప్ బయట ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇవ్వండి. ప్రతి ఫ్రేమ్‌లో చేసే పని అయితే గెట్‌వర్టిసెస్‌కి ఒకే లిస్ట్‌ని మళ్లీ మళ్లీ ఇస్తే కొత్త కేటాయింపులు ఉండవు.

12 బైట్లు కూడా ఎక్కువే, తగ్గించాక పాయింట్లు వణుకుతున్నాయి, చంక్‌ల మధ్య చీలికలు వస్తున్నాయి

వణుకు వస్తోందంటే పొజిషన్లకు హాఫ్ ఫ్లోట్ (16 బిట్ల ఫ్లోట్) వాడి ఉంటారు. యూనిట్ మీటరైతే, 16 నుంచి 32 మీటర్ల మధ్య హాఫ్ ఫ్లోట్ అడుగు (పక్కపక్క రెండు విలువల మధ్య తేడా) 1.5 సెంటీమీటర్ల పైమాటే. 1024 దాటితే అడుగు ఒక మీటరు. సున్నాకి దగ్గర్లో బోలెడంత కచ్చితత్వం ఇచ్చి దూరంలో ఏమీ మిగల్చదు, పొజిషన్లకు అది పనికిరాదు. దాని బదులు చంక్ (గేమ్ ప్రపంచాన్ని కోసిన ఒక ముక్క) మూల నుంచి దూరాన్ని 16 బిట్ పూర్ణాంకంగా పెట్టండి, అడుగు అంతటా ఒకేలా ఉంటుంది, వెక్టర్ 6 బైట్లలో సరిపోతుంది. జీపీయూకి పంపే వర్టెక్స్ అయితే 4 గుణిజం కావాలి కాబట్టి 8 చేసి మిగిలిన 16 బిట్లలో ఇంకేదైనా పెట్టండి. నార్మల్స్‌కి (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే వెక్టర్లు) పొడవు ఎప్పుడూ 1 కాబట్టి ఆక్టాహెడ్రల్ పద్ధతిలో (దిశని ఎనిమిది ముఖాల ఆకారం మీద పరిచి రాసేది) రెండు 16 బిట్ అంకెలు చాలు, అంటే 4 బైట్లు.

చీలికల సంగతి వేరు. ప్రతి చంక్‌నీ దాని సొంత బౌండింగ్ బాక్స్‌కి (దాని పాయింట్లన్నీ పట్టే పెట్టె) స్కేల్ చేస్తే, రెండు చంక్‌లు పంచుకునే అంచు మీది పాయింట్ ఇటు ఒకలా, అటు ఒకలా రౌండ్ అవుతుంది. అన్ని చంక్‌లకూ ఒకే అడుగు పెట్టండి, చంక్ మూల కూడా ఆ అడుగుకి గుణిజంగానే ఉండాలి. 64 మీటర్ల చంక్‌కి అడుగు 1/1024 మీటరు బాగుంటుందనిపిస్తుంది, కానీ అవతలి అంచు సరిగ్గా 65536 అవుతుంది, 16 బిట్లలో పట్టే పెద్ద అంకె 65535. ఆ అంచు పాయింట్లు సున్నాకి చుట్టుకుని చంక్ ఇవతలి వైపుకు వచ్చిపడతాయి. అడుగుని 1/512 చేయండి, అంచు 32768 దగ్గర ఆగుతుంది, కచ్చితత్వం 2 మిల్లీమీటర్లలోపే ఉంటుంది.