పొదుపు డబ్బుకు మంచి వడ్డీ – 4వ పాఠం: పాత ఖాతాను ఊడ్చేయకండి

ఈసారి ఎఫ్‌డీల గురించి చెప్తానన్నాను. అది ఐదో పాఠానికి జరిపాను. మూడో పాఠం చదివి కొందరు నష్టపోయారు. ముందు ఆ సంగతి తేల్చాలి.

"ఎక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకులో రెండో ఖాతా తెరిచి డబ్బు అక్కడికి మార్చండి" అని రాశాను. ఎంత మార్చాలో, ఎంత ఉంచాలో రాయలేదు. అది అందరికీ తెలిసిందేలే అనుకున్నాను. ఆ తప్పు నాది. మల్కాజిగిరిలో ఉండే ఒక టీచరమ్మ పాత ఖాతాలో ఉన్న లక్ష రూపాయలూ కొత్త ఖాతాకు పంపేశారు. ఐదో తేదీన బండి లోన్ ఈఎంఐ పాత ఖాతాకే వచ్చింది. అందులో డబ్బు లేదు, బౌన్స్ అయింది. బ్యాంకు 500, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 590 కోసింది. అప్పిచ్చిన సంస్థ కూడా ఇంకో 590 వేసింది. మొత్తం 1,180.

ఆమెకు ఇందులో లాభం ఎంతో చూడండి. పాత ఖాతాలో వడ్డీ రెండున్నర శాతం, కొత్తదాంట్లో ఐదు. లక్షకు ఏడాదికి తేడా 2,500, అంటే నెలకు 208 రూపాయలు. ఒక్క బౌన్స్‌తో ఐదున్నర నెలలకు పైగా లాభం పోయింది. పైగా క్రెడిట్ రిపోర్టులో మచ్చ పడుతుందేమోనని వారం రోజులు టెన్షన్.

అందుకే ఈ పాఠం మొత్తం పాత ఖాతా గురించే.

మన దగ్గర ఖాతా మారడం అంటే డబ్బు మారడం మాత్రమే. ఆటో డెబిట్లు, అంటే ఖాతా నుంచి వాటంతట అవే కోతపడే వాయిదాలు, బిల్లులు దాని వెంట రావు. కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగారు: "మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. అక్కడ బ్యాంకు మారితే బోనస్ ఇస్తారట. మనకెందుకు లేదు?" అక్కడ 2013 నుంచి ఖాతా మార్పిడికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉంది. కొత్త బ్యాంకుకు ఒక్కసారి చెప్తే ఏడు పనిదినాల్లో పాత ఖాతా మూసేసి, జీతం, కరెంటు బిల్లు, వాయిదాలు అన్నీ కొత్త ఖాతాకు మళ్లిస్తారు. మారడం అంత తేలిక కాబట్టి జనం మారతారు. వాళ్లను తమ వైపు లాక్కోవడానికి బ్యాంకులు డబ్బు ఇస్తాయి. మన దగ్గర ఆ మళ్లింపు పనంతా మీ చేతుల మీదే జరగాలి. కాబట్టి ఇక్కడ బోనస్ కోసం వెతకొద్దు, వడ్డీ తేడా కోసం వెతకండి.

పాత ఖాతాలో ఎంత ఉంచాలి? నా లెక్క ఇది: ఆ నెలలో కోతపడే మొత్తం, దానికి మినిమం బ్యాలెన్స్, ఆ పైన ఒక ఈఎంఐ అదనంగా. ఈ అదనపు ఈఎంఐకి రెండున్నర శాతమే వస్తుందని బాధపడకండి. పదివేలు అలా పడి ఉంటే మీరు వదులుకునేది నెలకు ఇరవై ఒక్క రూపాయలు. ప్రశాంతతకు అది చాలా తక్కువ ఖర్చు.

ఈఎంఐ ఐదో తేదీ అయితే నాలుగో తేదీ సాయంత్రానికే డబ్బు ఖాతాలో ఉండాలి. ఉదయమే కోత పడొచ్చు. ఆదివారం కదా, సెలవు కదా అనుకునే రోజులు పోయాయి. 2021 ఆగస్టు 1 నుంచి ఈ ఆటో డెబిట్ వ్యవస్థ వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. బోనాల ఆదివారమైనా ఐదో తేదీ ఐదో తేదీయే.

జీతం పడే ఖాతా అయితే ఇంకో జాగ్రత్త. జీతాన్ని కొత్త బ్యాంకుకు మళ్లించారనుకోండి, కొన్ని నెలలు జీతం పడకపోతే పాతది మామూలు పొదుపు ఖాతా అయిపోతుంది. అప్పటిదాకా లేని మినిమం బ్యాలెన్స్ షరతు అప్పుడు వచ్చి కూర్చోవచ్చు. నేనైతే జీతాన్ని పాత ఖాతాలోనే ఉంచాను. నెలలో చివరి కోత పడిన మర్నాడు మిగిలింది కొత్త ఖాతాకు పంపుతాను. కొత్త ఖాతాకు యూపీఐ కలపలేదు, దాని డెబిట్ కార్డు కూడా బీరువాలోనే ఉంది. ఇరానీ చాయ్‌కీ కూరగాయలకీ ఆ ఖాతా నుంచి డబ్బు పోవడం మొదలైతే అందులో నిల్వ ఉండదు. ఇది నా పద్ధతి, మీకు వేరేది కుదిరితే అలాగే చేయండి.

చాలామంది పెద్దవాళ్లు "పదో తారీఖు దాటితే ఈ నెల వడ్డీ రాదు, వచ్చే నెల వేద్దాం" అంటున్నారు. అది పాత రూలు. అప్పట్లో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ. పన్నెండో తేదీన పంపినా, ఇరవై మూడున పంపినా నష్టం లేదు. మళ్లీ పీపీఎఫ్ అనే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకంతో కలిపేసుకోకండి, అక్కడ ఐదో తేదీ లోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వచ్చే నియమం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే విషయానికి వస్తాను. "వరకు" అనే మాట.

బ్యాంకు పోస్టర్ మీద "7 శాతం వరకు వడ్డీ" అని ఉంటుంది. 7 అంత పెద్దగా, "వరకు" ఇంత చిన్నగా. అది చూసి ఇరవైమందికి పైగా నాకు "ఏడు శాతం ఇచ్చే బ్యాంకు దొరికింది" అని చెప్పారు. వాళ్లలో ఒక్కరికీ ఏడు శాతం రాదు. 2011 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు పొదుపు వడ్డీని బ్యాంకుల ఇష్టానికి వదిలింది. అప్పటి నుంచి లక్ష దాటిన నిల్వలకు అంచెలంచెలుగా రేట్లు పెట్టుకునే వీలు వచ్చింది. చాలా చోట్ల పై అంచె రేటు ఆ అంచెలో పడే డబ్బుకే, మొత్తానికి కాదు.

ఒక బ్యాంకు ఇలా ఇస్తుందనుకుందాం: లక్ష దాకా 3 శాతం, లక్ష పైన పది లక్షల దాకా 5, పది లక్షల పైన 7.

మీ దగ్గర 80 వేలు ఉన్నాయి. ఏడాదికి 2,400. మీ రేటు మూడు శాతమే.

మీ దగ్గర మూడు లక్షలు ఉన్నాయి. మొదటి లక్షకు 3,000, మిగతా రెండు లక్షలకు 10,000. మొత్తం 13,000. మూడు లక్షల మీద అది 4.33 శాతం. ఐదూ కాదు, ఏడూ కాదు.

పన్నెండు లక్షలు ఉన్నాయనుకోండి. మొదటి లక్షకు 3,000, తర్వాతి తొమ్మిది లక్షలకు 45,000, ఆపై రెండు లక్షలకు 14,000. మొత్తం 62,000, అంటే 5.17 శాతం. పన్నెండు లక్షలు పెట్టినవాళ్లకే ఏడు రాలేదు.

నేను వీటిని మన ఊళ్ల లెక్కలోకి మార్చుకుంటాను. అప్పు ఇచ్చేటప్పుడు "రెండు రూపాయల వడ్డీ" అంటాం కదా, నూటికి నెలకు రెండు రూపాయలు అని. బ్యాంకు రేటును పన్నెండుతో భాగిస్తే అదే లెక్క వస్తుంది. రెండున్నర శాతం అంటే ఇరవై ఒక్క పైసల వడ్డీ. 4.33 అంటే ముప్ఫై ఆరు పైసలు. ఆరు శాతం ఎఫ్‌డీ అంటే సరిగ్గా అర్ధరూపాయి వడ్డీ. ఇలా చూస్తే 3 శాతం బ్యాంకు నుంచి మూడుంబావు శాతం బ్యాంకుకు పరిగెత్తాలా అన్నది వెంటనే తేలిపోతుంది. నూటికి నెలకు రెండు పైసల తేడా అది.

పన్నెండు లక్షల ఉదాహరణలో ఇంకో ప్రమాదం దాగి ఉంది. బ్యాంకు మునిగితే మన డబ్బుకు అండగా ఉండే డిపాజిట్ బీమా ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకానే. అసలు, వడ్డీ, పొదుపు ఖాతా, ఎఫ్‌డీ, అన్ని శాఖలూ కలిపి ఐదు. పై అంచె వడ్డీ కోసం పది లక్షలు దాటించారంటే ఐదు లక్షలకు పైగా బీమా లేకుండా పెట్టినట్టే. 2001లో సికింద్రాబాద్ కృషి సహకార బ్యాంకు మూతపడ్డ రోజులు మన ఊళ్లో చాలామందికి గుర్తే. అప్పటి బీమా లక్ష మాత్రమే. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలైంది. బ్యాంకు మీద ఆంక్షలు పడితే ఆ బీమా సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలని 2021లో చట్టం సవరించారు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకూ ఈ బీమా ఉంది. చిట్టీలకు లేదు, పరపతి సంఘాలకు లేదు.

ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఒకటుంది. చిక్కడపల్లిలో ఒక పెద్దాయన "నాకు ఆంధ్రా బ్యాంకులో నాలుగు లక్షలు, కార్పొరేషన్ బ్యాంకులో నాలుగు లక్షలు ఉన్నాయి, రెండూ బీమా లోపలే" అన్నారు. ఆ రెండూ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. పాస్‌బుక్కులు రెండైనా బ్యాంకు ఒక్కటే. ఎనిమిది లక్షల్లో ఐదుకే బీమా. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతా ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అది 2017 ఏప్రిల్ 1నే ఎస్‌బీఐలో కలిసింది. ప్రభుత్వ బ్యాంకు మునుగుతుందని చెప్పడం లేదు. లెక్క సరిగ్గా ఉండాలి, అంతే. భార్యాభర్తల జాయింట్ ఖాతాను వేరుగా లెక్కిస్తారు కాబట్టి ఒక ఇంటికి ఒకే బ్యాంకులో ఐదు లక్షలకు మించి బీమా పొందే దారులు ఉన్నాయి. అది ఎఫ్‌డీల పాఠంలో వివరంగా చెప్తాను.

ఆటో స్వీప్ (ఖాతాలో ఎక్కువున్న డబ్బు తనంతట తాను ఎఫ్‌డీ ముక్కలుగా మారి, అవసరమైతే విరిగి వెనక్కి వచ్చే ఏర్పాటు) గురించి అడిగినవాళ్లకు ఇప్పటికి ఒక్క మాట: చాలా బ్యాంకుల్లో చివర వేసిన ముక్క ముందు విరుగుతుంది, ఏడు రోజుల లోపు విరిగితే దానికి వడ్డీ రాదు. రోజూ యూపీఐ వాడే ఖాతాకు పెట్టకండి.

అభ్యాసం. ఈసారిది కాస్త కష్టం, అయినా మొత్తం చేయండి. పాత ఖాతా స్టేట్‌మెంట్ పదమూడు నెలలది తీయండి. పన్నెండు కాదు, పదమూడు. కొన్ని కోతలు ఏడాదికి ఒకసారే వస్తాయి, తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ అయితే పన్నెండు నెలల్లో దొరకవు. లాకరు అద్దె, ఎల్‌ఐసీ ప్రీమియం, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. చివరి రెండూ మే నెలాఖరులో కోతపడతాయి. ఆ ఇరవై రూపాయలు ఖాతాలో లేక రెండు లక్షల ప్రమాద బీమా ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు. మీరు బటన్ నొక్కకుండా తనంతట తాను పోయిన ప్రతి రూపాయినీ ఒక కాగితం మీద రాయండి: తేదీ, ఎవరికి, ఎంత. అర్థం కాని పేరు కనిపిస్తే వదిలేయకండి, శాఖకు వెళ్లి అడగండి. తర్వాత నెలలవారీగా కూడండి. ఏ నెలలో మొత్తం ఎక్కువో ఆ అంకెకు మినిమం బ్యాలెన్స్, ఒక ఈఎంఐ కలిపితే పాత ఖాతాలో ఉండాల్సిన డబ్బు తేలుతుంది. ఐదో పాఠం మొదలుపెట్టేటప్పుడు ఆ అంకె మీ దగ్గర ఉండాలి. అదొచ్చేదాకా కొత్త ఖాతాకు ఇంకేమీ పంపకండి.