తాకట్టులో ఉన్న ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందు జాగ్రత్తలు

శ్రావణ ముహూర్తాలకు విజయనగరంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుని, బ్యాంకు బాకీ కంటే తక్కువ ధరకు వస్తున్న ఇల్లు కొనబోయేవారు ఇవి చూసుకోవాలి.

బ్యాంకు రాతపూర్వక అంగీకారం చేతికి రానిదే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మొండి బాకీలకు తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద డిమాండ్ నోటీసు (బాకీ కట్టమనే నోటీసు) అందుకున్న యజమాని, బ్యాంకు లిఖిత సమ్మతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి వీల్లేదు. మేనేజరుగారు నోటిమాటగా సరేనన్నారన్న భరోసా మిమ్మల్ని కాపాడదు.

ఆ అంగీకార లేఖలో సెటిల్‌మెంటు మొత్తం (బాకీకి బదులు బ్యాంకు తీసుకోవడానికి ఒప్పుకున్న సొమ్ము), గడువు తేదీ, మిగిలిన బాకీకి ఇంటిపై హక్కు ఉంచుకోబోమన్న వాక్యం ఉండాలి. మూడోది లేకపోతే, నా దృష్టిలో, ఆ లేఖ ఉన్నా లేనట్లే.

సొమ్ము యజమానికి కాక నేరుగా అప్పు ఖాతాకే జమ చేయండి.

ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) కనిపించని తాకట్టు కూడా ఉండవచ్చు కనుక, అసలు దస్తావేజులు ఎవరి దగ్గరున్నాయో స్వయంగా చూడండి.

అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఆ దస్తావేజులను తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అవి మీ చేతికే అందేలా యజమాని సమ్మతిపత్రం ముందే బ్యాంకులో ఇప్పించండి.