వైజాగ్‌లో లా చదవబోతున్నారా? మొదటి ఏడాది ఇలా గడపండి

లాసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో చేరినా, క్లాట్ రాసి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకి వెళ్లినా, ఊళ్లో ప్రైవేటు కాలేజీలో సీటు తెచ్చుకున్నా మొదటి నెలలో పట్టుకునే టెన్షన్ ఒకటే. ఇంత లావు పుస్తకాలు ఎప్పుడు చదువుతాం, ఈ ఇంగ్లీషు మనకు ఎక్కుతుందా? ఎక్కుతుంది. కాకపోతే సినిమాల్లో చూసే వాదనలు ఇక్కడ ఉండవు. లా చదువంటే ఎక్కువ భాగం కూర్చుని చదవడమే, అదీ ఒకే పేజీని రెండు మూడుసార్లు.

ముందు బేర్ యాక్టులు, అంటే వివరణలు లేకుండా చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకాలు కొనండి. పరీక్షకు వారం ముందు గైడ్ చదివి పాసైపోయేవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ రేపు జడ్జిగారు "ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు?" అంటే గైడ్ ఆదుకోదు. రాజ్యాంగం, కాంట్రాక్ట్ యాక్ట్ లాంటివి సీనియర్ల దగ్గర పాతవి తీసుకోవచ్చు, తర్వాత వచ్చిన సవరణలు ఒకసారి చూసుకుంటే చాలు. క్రిమినల్ లాకి మాత్రం కొత్తవే కొనండి, ఎందుకంటే 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. అలాగని పాత ఐపీసీని పారేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాల కేసులు ఇంకా దాని కిందే నడుస్తున్నాయి.

తీర్పులు చదవడం అసలు కష్టం. మన ప్రాంతం కేసుతో మొదలుపెడితే తేలిగ్గా పట్టు దొరుకుతుంది, నన్నడిగితే 1997 నాటి సమత తీర్పు చదవండి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల భూముల్ని ప్రభుత్వం ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకిస్తే సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన చోట, భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న, వర్తిస్తుందని కోర్టు చెప్పింది. మనం అరకు రైలెక్కి చూసొచ్చే కొండల గురించి అంత పెద్ద తీర్పు ఉందని తెలిశాక చదవకుండా ఎలా ఉంటాం? చదివాక ఎవరు ఎవరి మీద వేశారు, ఏం అడిగారు, కోర్టు ఏం తేల్చింది, ఎందుకు అనేది ఒక్క పేజీలో ముందు తెలుగులోనే రాసుకోండి. విషయం బుర్రకెక్కాక దాన్ని ఇంగ్లీషులో రాయడం అంత భయపెట్టదు. టార్ట్స్‌కీ, అంటే ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఎలా అనే సబ్జెక్టుకీ, ఇదే పద్ధతి. 2020 మే 7న వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై మనుషులు చనిపోయారు కదా, అది మనసులో పెట్టుకుని 1986 డిసెంబరులో తీర్పు వచ్చిన ఓలియం గ్యాస్ కేసు చదవండి, ప్రమాదకరమైన పరిశ్రమ "మా తప్పు లేదు" అని ఎందుకు తప్పించుకోలేదో అర్థమవుతుంది.

సెలవుల్లో జిల్లా కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. గౌను, బ్యాండ్ వేసుకోకండి, అవి బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ (నమోదు) అయినవాళ్లకే. ఫోను సైలెంట్‌లో పెట్టండి. చాలా కేసులు వాయిదా పడతాయి, విసుగొస్తుంది, అయినా ఒక మంచి క్రాస్ ఎగ్జామినేషన్ దొరికిందంటే క్లాసులో ఎవిడెన్స్ పాఠం వినేటప్పుడు అదే గుర్తొస్తుంది. కుటుంబ కేసులు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులు నడిచే చోటికి వెళ్లకండి.

హాజరు 70 శాతం ఉండాలి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంటర్న్‌షిప్ ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సుకు 12 వారాలు చేయాలని బార్ కౌన్సిల్ నిబంధన. తెలిసినవాళ్లను పట్టుకుని సర్టిఫికెట్ రాయించుకుంటే ఆ వారాలు వృథా. సీనియర్ ఆఫీసులో గుమస్తాగారి పక్కన కూర్చుని వకాల్తా ఎలా నింపుతారో, ఫైలింగ్‌లో ఏం తక్కువైతే కాగితాలు వెనక్కి వస్తాయో నేర్చుకోండి, ఇవి ఏ ప్రొఫెసరూ చెప్పరు. డబ్బులు రావు. ప్రాక్టీసు పెట్టాక కూడా మొదట్లో జూనియర్లకు చేతికొచ్చేది తక్కువే, ఆ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి, పట్టా వచ్చిన మర్నాడే సంపాదన అడిగితే తట్టుకోవడం కష్టం.

ఎన్‌రోల్‌మెంట్‌కు ఎంత ఖర్చవుతుందో అని ఇప్పటినుంచే బెంగపడేవాళ్లకు ఒక మాట. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఈ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని తీర్పిచ్చింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. వేరే పేర్లతో ఎవరైనా ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి.