పాత చెక్కతో పిల్లల మంచానికి హెడ్‌బోర్డు: తేడా వస్తే ముందు వెనకవైపు చూడండి

తిరుపతిలో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్న ప్రతిచోటా టేకు తలుపు రెక్కలు, వేప దూలాలు, ఊచల కిటికీలు బయటికొస్తుంటాయి. చిత్తూరులోనూ అంతే. అలాంటి తలుపు రెక్క ఒకటి తెచ్చి, అడ్డంగా తిప్పి, వెనక రెండు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) కొట్టి పిల్లల మంచానికి హెడ్‌బోర్డుగా, అంటే తలవైపు నిలబెట్టే పలకగా, బిగించడం పెద్ద పనేం కాదు. కోయడం, చిత్రిక పట్టడం, బోల్టు బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. బిగించిన కొన్నాళ్లకు మొదలయ్యే తలనొప్పుల సంగతే ఇక్కడ.

ఏ తలనొప్పి అయినా మొదటి పని ఒకటే. మంచాన్ని గోడ దగ్గర్నుంచి రెండడుగులు లాగి, ఫోన్ టార్చి వేసి బోర్డు వెనకవైపు చూడండి. ఈ ఒక్క పని ఎవరూ చేయరు. ఫోటో పంపమంటే అందరూ ముందువైపు ఫోటోనే పంపుతారు. ముందువైపు బాగానే ఉంటుంది. పాలిషంతా అక్కడే పెట్టారు కదా!

పిల్ల పక్కకి తిరిగితే టక్ టక్ అంటోంది

బోల్టులు బిగిస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇంకాస్త బిగిస్తారు. చివరికి పాత చెక్క చీలుతుంది.

చాలా ఇళ్లలో తప్పు బోల్టుది కాదు, నేల అంచున గోడకు అంటించిన స్కర్టింగ్ టైలుది. ఆ టైలు గోడకంటే దాదాపు ఒక సెంటీమీటరు ముందుకు ఉంటుంది. హెడ్‌బోర్డు కాళ్లు నేల దాకా దిగితే కింద టైలుకు ఆనుకుంటాయి, పైన మాత్రం గోడకీ బోర్డుకీ మధ్య సందు మిగులుతుంది. పిల్లలు వీపు ఆనించి కూర్చున్నప్పుడల్లా బోర్డు వెనక్కి వెళ్లి గోడను కొడుతుంది. మీరు ఎంత బిగించినా ఆ సందు పోదు.

తేల్చుకోవడం సులువు. మంచాన్ని అరడుగు ముందుకు లాగి బోర్డును ఊపండి. చప్పుడు రాకపోతే బోల్టులు బాగున్నట్టే. కాళ్ల వెనక అంచును స్కర్టింగ్ ఎత్తు వరకు టైలు మందానికి సరిపడా చెక్కేయండి. అంత ఓపిక లేకపోతే బోర్డు వెనక పై మూలల్లో అదే మందం ఉన్న రబ్బరు బుష్షులు రెండు కొట్టండి. కొందరు బోర్డును గోడకీ, మంచానికీ రెండిటికీ బిగిస్తారు. అది వద్దు. మంచం కదులుతుంది, గోడ కదలదు, మధ్యలో చెక్క నలుగుతుంది.

గోడకు దూరంగా జరిపినా చప్పుడు వస్తుంటే అప్పుడు బోల్టు బెజ్జం వెడల్పయిందని అర్థం. ఉన్నవి తీసేసి, చెక్క ఆసాంతం దాటే బోల్టు వేసి, రెండు వైపులా పెద్ద వాషర్లు పెడితే అయిపోతుంది.

దిండు మీద, మంచం కింద తెల్లటి పొడి రాలుతోంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇందులో మోసపోని మనిషి లేడు.

పొడి కనపడగానే అందరి నోటా ఒకే మాట: "పాత చెక్క కదన్నా, పుచ్చకుండా ఉంటుందా?" వెంటనే ఆ టేకు రెక్క తీసి బయట పడేస్తారు, కొత్త చెక్కతో ఇంకోటి చేయిస్తారు. తరువాతి ఏడాది దానికీ అదే పొడి. మొదటిసారి పారేసిన టేకులో ఒక్క బెజ్జం కూడా ఉండదు. పుచ్చింది వెనక కొట్టిన కొత్త రీపరు.

కారణం ఇది. మెత్తటి పొడి రాల్చే పుచ్చు పురుగుకు కావలసింది చెక్కలోని పిండి పదార్థం. అది చేవలో, అంటే మాను నడిమి గట్టి చెక్కలో, దాదాపు ఉండదు, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కలో ఉంటుంది. చెక్క పాతబడేకొద్దీ ఆ పిండి కూడా తగ్గిపోతుంది. అందుకే తాతల నాటి టేకు తలుపు ఈ పురుగుకు పనికిరాదు. కోసి ఏడాదో రెండేళ్లో అయిన మామిడి, రబ్బరు చెక్క, వెదురు దానికి బాగా ఇష్టం. చిత్తూరు వైపు కాపు తగ్గిన మామిడి చెట్లు కొట్టేస్తుంటారు కాబట్టి ఆ కలప చవకగా దొరుకుతుంది. టింబర్ డిపోలో "ఏదో ఒక రీపరు ఇవ్వన్నా, వెనకే కదా" అని అడిగితే చేతికొచ్చేది ఎక్కువగా అలాంటి తెల్ల చెక్కే. చవక ప్లైవుడ్‌లోని పొరలదీ అదే కథ.

ఇంకో సంగతి. ఆడ పురుగు గుడ్లు పెట్టేది పాలిష్ లేని చెక్క రంధ్రాల్లో. ముందువైపు రెండు మూడు కోటింగులు వేసి వెనకవైపు పచ్చి చెక్కగా వదిలేస్తే దానికి తలుపు తీసి పెట్టినట్టే. పిల్ల పురుగు లోపలే నెలల తరబడి తొలుచుకుంటూ పెరిగి, రెక్కల పురుగై బయటికొచ్చేటప్పుడే బెజ్జం పడుతుంది, పొడి రాలుతుంది. అందుకే బోర్డు చేసిన కొత్తలో ఏమీ కనపడదు. చాలాసార్లు ఏడాది తిరిగేసరికి బయటపడుతుంది. అప్పటికి రీపరు ఎక్కడ కొన్నామో కూడా గుర్తుండదు, తప్పంతా పాత తలుపు మీదకి వెళ్తుంది.

ముందు ఆ పొడి ఏమిటో తేల్చుకోండి. వేళ్ల మధ్య నలిపితే జారిపోయేంత మెత్తగా ఉంటే పుచ్చు పురుగు. గసగసాలంత గింజలుగా, గరగరలాడుతూ ఉంటే చెక్కలోనే కాపురం పెట్టే పొడి చెదలు. మట్టి గొట్టాలు కనపడితే నేల నుంచి వచ్చిన మామూలు చెదలు, అప్పుడు బోర్డు కన్నా గోడ సంగతి చూడాలి. ఒకసారి తుడిస్తే మళ్లీ రాకపోతే అది మీరు సాండ్ పేపర్ కొట్టినప్పుడు సందుల్లో మిగిలిన దుమ్ము, దిగులు లేదు.

తరువాత ఎక్కడి నుంచి రాలుతోందో చూడాలి. బోర్డు వెనకంతా బ్రష్షుతో శుభ్రంగా తుడిచి, కింద నల్ల చార్టు పేపరు పరిచి వారం వదిలేయండి. పొడి కుప్పలు ఏ ముక్క కింద పడ్డాయో గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ ముక్క మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలు వెతకండి. నమ్మకం కుదరకపోతే రీపరు మీద ఒకచోట గీకి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. నీలి నలుపు తిరిగితే పిండి ఉన్నట్టు. పక్కనే పాత టేకు మీద కూడా ఒక చుక్క వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రిపేరు అంటే ఆ ముక్క తీసేయడమే. బెజ్జాల్లో కిరసనాయిలు పోయడం, పుట్టీ నింపి పాలిష్ కొట్టడం, ఎండలో రెండు రోజులు పెట్టడం అన్నీ చూశాను. లోపలున్న పురుగు అలా పోదు, పక్కన ఇంకో బెజ్జం చేసుకుని వస్తుంది. తీసిన రీపరును ఇంట్లో మూలన దాచకండి, పొయ్యిలో వేయండి. దాని బదులు అదే పాత తలుపు లోంచి మిగిలిన టేకు ముక్కో, చేవ దేరిన వేప ముక్కో వాడండి. ప్లై వాడాలంటే ఐఎస్ 710 మార్కు (మెరైన్ ప్లై) ఉన్నది తీసుకోండి. ఎవరైనా "ఎర్రచందనం ముక్క ఉంది, పుచ్చదు" అంటే పుచ్చదు నిజమే, కానీ శేషాచలం పక్కన ఉంటూ కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో పెట్టుకుంటే పురుగు కన్నా పెద్ద టెన్షన్.

కొత్త ముక్కకు, చుట్టుపక్కల పచ్చి చెక్క కనిపించే ప్రతిచోటా బోరిక్ ద్రావణం పూయాలి. లీటరు వేడి నీళ్లలో 60 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, గ్లౌజులు వేసుకుని రెండు మూడు సార్లు పట్టించండి. పాలిష్ ఉన్న చెక్క దీన్ని పీల్చదు, అందుకే పాలిష్ ముందే ఈ పని. పిల్లలు ఆ గదిలో లేనప్పుడు చేయండి, పూర్తిగా ఆరాక ముందు, వెనక, అంచులు, బోల్టు బెజ్జాలు కూడా వదలకుండా సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) కొట్టండి.

ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్యాలెట్ల (సరుకు కింద పెట్టే చెక్క చట్రాల) చెక్క వాడేవాళ్లు "హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) ముద్ర ఉంది కాబట్టి పురుగు పట్టదు" అంటుంటారు. ఆ ముద్రకు అర్థం, చెక్క మధ్య భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉందని. అప్పటికి ఉన్న పురుగు చస్తుంది, రేపు వచ్చేదాన్ని అది ఆపదు. ఎంబీ ముద్ర ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగ పెట్టినది. అది పిల్లల గదికి వద్దు. ఏ ముద్రా లేకుండా, ఏదో ఒలికిన మరకలు, మందు వాసన ఉన్న ప్యాలెట్ అయితే అసలు ఇంట్లోకే తేకండి.

పాత రంగు పెచ్చులు ఊడుతోంది

ఆ పచ్చ, నీలం ఎనామెల్ అందంగా ఉంటుంది, పాత ఇంటి కళ వస్తుంది. కానీ మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పళ్లు వస్తున్న పిల్లలు హెడ్‌బోర్డు పై అంచు కొరుకుతారు. రంగు ఊడుతున్నదంటే కారణం మీరు దాని మీద నేరుగా వార్నిష్ వేయడమే, పాత పొర కింద పట్టు లేదు.

దయచేసి మిషన్ పెట్టి పొడిగా సాండింగ్ చేయకండి. అప్పటిదాకా చెక్క మీద ఉన్న సీసం గదంతా దుమ్ముగా పరుచుకుంటుంది. పెయింట్ రిమూవర్ పూసి, తడిగా ఉండగానే గీకి, ఆ పెచ్చులు కవర్లో కట్టి పారేయాలి, అదీ ఆరుబయట, పిల్లలకు దూరంగా. రంగు చెక్క గాట్లలో దిగిపోయి పూర్తిగా రాకపోతే ఆ తలుపును పిల్లల గదికి వాడొద్దు. హాల్లో గోడకు తగిలించుకోండి.

కిటికీ ఊచల మధ్య కాలు ఇరుక్కుంది

పాత ఊచల కిటికీని అలాగే నిలబెట్టి హెడ్‌బోర్డు చేసిన చోట ఇది వస్తుంది. ఊచల మధ్య సందు కొలవండి. బంక్ బెడ్లకు అమెరికాలో పాటించే హద్దు మూడున్నర అంగుళాలు, అంటే సుమారు 9 సెంటీమీటర్లు. పసిపిల్లల తొట్టి మంచాలకైతే 6 సెంటీమీటర్లే. మన పాత కిటికీల్లో సందు చాలాచోట్ల దానికన్నా ఎక్కువ, పిల్లాడి ఒళ్లు దూరి తల ఆగిపోయేంత. కాలు ఇరుక్కోవడం అదృష్టమనుకోండి. వెనక పలచటి ప్లై షీటు స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది. ముందు ఊచల అందం పోదు. ఆ ప్లైకి కూడా వెనకవైపు సీలర్ మరిచిపోకండి.

పొద్దున లేవగానే వరసగా దద్దుర్లు

దోమలనుకుని మస్కిటో కాయిల్ వెలిగిస్తారు. లాడ్జీలు మంచాలు మార్చినప్పుడు పాతవి చవకగా వస్తాయి, ఆ చెక్కతో చేసిన బోర్డు అయితే నల్లుల కోసం చూడండి. సందుల్లో నల్లటి చుక్కల మరకలు ఉంటే అవే. బోర్డు విప్పి బయట పెట్టి, ప్రతి సందులో మరిగే నీళ్లు పోసి, ఆరాక సందులన్నీ పుట్టీతో మూసేయండి. పరుపు సంగతి వేరే చూసుకోవాలి.

పాలిష్ ఎన్నాళ్లయినా బంకగానే ఉంది

చెదలు పట్టకుండా పాత ఇంజనాయిల్ పట్టించిన దూలం చెక్క అది. వెనకవైపు నల్లగా, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయడం కుదరదు, పిల్లలు పడుకునే చోట అసలు ఉండకూడదు. మార్చేయండి.

మిగతావి

ఎండాకాలం పలకల మధ్య సందులు పడి కార్తీక మాసం వానలకు మళ్లీ మూసుకుంటుంటే అది జబ్బు కాదు, చెక్క ఊపిరి. రీపరుకు వేసే స్క్రూ బెజ్జాలు కాస్త కోలగా వేస్తే పలక చీలదు. తుప్పు మరక పైకి వస్తే లోపల తెగిన మేకు మిగిలిందని. అయస్కాంతంతో వెతికి లాగేయండి, రాకపోతే పంచ్‌తో లోపలికి దించి పుట్టీ పెట్టండి.